ఆంధ్ర తీరంలో సముద్ర పరిశోధన ఎటు పోతోంది? పీహెచ్‌డీకి ఏ అంశం తీసుకోవాలి?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెబుతాను. మెరైన్ బయాలజీ ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉన్నారు. ఆంధ్ర తీరపు చేపల మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. సీనియర్లలో ఒకరు మైక్రోప్లాస్టిక్స్ తీసుకోమన్నారు, ఇంకొకరు ఈడీఎన్ఏ (నీటిలో జీవులు వదిలిన డీఎన్ఏ) అన్నారు, మూడో ఆయన ఏఐ లేకపోతే ఈ రోజుల్లో పేపరే రాదన్నారు. ఈ రంగం అసలు ఎటు వెళ్తోంది, ఏది పట్టుకుంటే ఐదేళ్ల తర్వాత కూడా పనికొస్తుంది అన్నది మీ టెన్షన్.

నేను ఇరవై ఆరేళ్లు రేవుల్లో చేపలు కొలిచినవాణ్ని. ఎక్కువ కాలం విశాఖ హార్బర్‌లో, కొంతకాలం కాకినాడలో. కాబట్టి రేవు వైపు నుంచి చెబుతాను. ల్యాబ్ వైపు నుంచి చూసేవాళ్లు వేరేలా చెప్పొచ్చు.

సూటిగా జవాబు: చిన్న పడవలు తెచ్చే చిన్న చేప ఒకటి తీసుకోండి. కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు, ఏదైనా సరే. అది ఏ నెలలో గుడ్లు పెడుతోంది, ఎంత సైజుకు పెడుతోంది, అప్పుడు నీటి వేడి, ఉప్పదనం ఎలా ఉన్నాయి, ఈ మూడూ కలిపి కనీసం రెండేళ్లు నెల తప్పకుండా చూడండి. ఈడీఎన్ఏ, ఉపగ్రహం, ఏఐ అన్నీ ఆ పనికి పనిముట్లు. పనిముట్టునే అంశంగా పెట్టుకుంటే మూడేళ్లలో దానికంటే మంచి పనిముట్టు వస్తుంది, మీ థీసిస్ పాతబడిపోతుంది.

ఇంత పాతకాలపు అంశం చెబుతున్నాడేమిటి అనుకుంటారు. కారణం ఉంది. తీరం నుంచి పది పదిహేను కిలోమీటర్ల లోపు సముద్రం మన దగ్గర ఇప్పటికీ ఓ గుడ్డి చోటు. అదెలాగో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మన తీరంలో సముద్ర శాస్త్రం నిన్న మొన్న పుట్టింది కాదు. 1952లో అమెరికా నుంచి లాఫాండ్ అనే ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, విశాఖ ఎదుట సముద్రంలో అడుగు నీళ్లు పైకి రావడం మీద పని చేశారు. అంతకు ఐదేళ్ల ముందే, 1947లో, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్ఆర్ఐ మొదలైంది. చాలా ఏళ్లు తమిళనాడులోని మండపం అనే ఊళ్లో ఉండి, 1971లో కొచ్చికి మారింది. అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర 1965లో ముగిశాక, 1966 జనవరి 1న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఎన్ఐఓ పెట్టారు, ఇప్పుడది గోవాలో ఉంది. కాకపోతే చాలా ఏళ్లు ఈ రెండు దారులూ కలవలేదు. సముద్రం కొలిచేవాళ్లు ఓడల్లో, చేపలు కొలిచేవాళ్లు రేవుల్లో. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పని అంటే నెలనెలా చేపల పొడవులు రాసుకుని, ఫైశాట్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి, పెరుగుదల రేటు, మరణాల రేటు తీసి పేపర్ పంపడం. ఆ నెల సముద్రం ఎలా ఉందో ఆ పేపర్లో ఒక్క వాక్యం కూడా ఉండేది కాదు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే సిగ్గేస్తుంది, కానీ అప్పటి పద్ధతి అది.

ఇప్పుడు మారింది అదే. ట్రెండ్ ఏమిటని అడిగారు కాబట్టి చెబుతున్నా: నీరు, చేప, వేట, ఈ మూడింటినీ ఒకే ప్రశ్నలో పెట్టడం. ఒక్క చేప జీవితచరిత్ర రాసే పేపర్లు తగ్గాయి. వేడెక్కుతున్న సముద్రంలో ఆ చేప ఎటు జరుగుతోంది, ఎవరి వలలో పడుతోంది అని అడిగే పేపర్లు పెరిగాయి.

దీనికి మంచి ఉదాహరణ నూనె కవళ్ళు. కేరళలో 2012లో సుమారు 4 లక్షల టన్నులు పడ్డాయి. 2021కి వచ్చేసరికి 3,297 టన్నులు. సున్నాలు తప్పు రాయలేదు, నిజంగానే అంత పడిపోయాయి. ఒక్క వేట ఎక్కువవడం వల్ల ఇలా జరిగిందని ఎవరూ సరిపెట్టుకోలేకపోయారు. ఎల్ నినో, నీటి వేడి, మేత దొరక్కపోవడం, గుడ్లు పెట్టే దశలోని చేపల్ని పట్టేయడం, అన్నీ కలిపి చూడాల్సి వచ్చింది. మరోవైపు, ఒకప్పుడు పడమటి తీరానిదే అనుకున్న ఈ చేప కొన్ని దశాబ్దాలుగా తమిళనాడు, ఆంధ్ర తీరాల్లో బాగా పడుతోంది. నీరు వేడెక్కడం వల్ల దాని హద్దులు జరిగాయని చెప్పే పరిశోధనలు వచ్చాయి. కానాగంతల విషయంలో ఇంకో సంగతి గమనించారు. పై నీళ్లలో తిరిగే ఈ చేప అడుగున లాగే ట్రాల్ వలల్లో ఎక్కువగా పడుతోంది, అంటే లోతుకు దిగుతోందని.

ఇక్కడ మీకో హెచ్చరిక. అరేబియా సముద్రానికి చెప్పిన కారణాన్ని తెచ్చి బంగాళాఖాతానికి అతికించకండి. నా దగ్గరికి వచ్చే డ్రాఫ్టుల్లో సగం ఈ తప్పు చేస్తాయి.

బంగాళాఖాతం స్వభావమే వేరు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ, ఐరావతి, ఇన్ని నదుల నీరూ ఇందులోకే వస్తుంది. ఆ మంచినీళ్లు తేలిక కాబట్టి పైన మూతలా పరుచుకుంటాయి. మూత కింద ఉప్పు నీళ్లు, వాటిలో పోషకాలు. గాలి ఎంత వీచినా ఆ మూత పగిలి కింది పోషకాలు పైకి రావడం కష్టం. అందుకే అరేబియా సముద్రంలో ఉన్నంత పచ్చదనం, అంటే నీటిలో తేలే కంటికి కనపడని మొక్కలు, ఇక్కడ ఉండదు. మూత పలచన కాబట్టి ఎండకు త్వరగా వేడెక్కుతుంది, ఆ వేడి తుపాన్లకు బలం. తుపాను వచ్చినప్పుడు మాత్రం మూత కొంత కలిసిపోయి, కింది నీళ్లు పైకొచ్చి, దాని దారి వెంట కొన్నాళ్లు పచ్చదనం కనిపిస్తుంది. ఆ పచ్చదనం తర్వాత చేపల్లో ఏమైనా మార్పు వచ్చిందా? దీని మీద రేవు డేటాతో చేసిన పని తక్కువ. ఇదీ ఓ మంచి అంశమే, కాకపోతే తుపాను మీ పీహెచ్‌డీ టైముకు రావాలి!

ప్రవాహాల సంగతి ఇంకా తమాషా. తూర్పు తీర ప్రవాహం వేసవి ముందు ఉత్తరానికి పోతుంది, అక్టోబరు, నవంబరు నాటికి తిరగబడి దక్షిణానికి వస్తుంది. వచ్చేటప్పుడు ఉత్తరాన ఉన్న నదుల నీళ్లను వెంటబెట్టుకొస్తుంది. అందువల్ల విశాఖ ఎదుట ఉప్పదనం అన్నిటికంటే తగ్గేది వానలు దంచే జులై, ఆగస్టుల్లో కాదు, అక్టోబరు, నవంబరుల్లో. కిలో నీటికి 34 గ్రాముల దగ్గర ఉండేది ఇరవైల్లోకి దిగిపోతుంది.

ఇది తెలియక మా విద్యార్థి ఒకతను ఏడాదిన్నర పోగొట్టుకున్నాడు. కవళ్ళ పట్టును విశాఖ వర్షపాతంతో పోల్చాడు. ఏ సంబంధమూ రాలేదు. గణాంకాల పద్ధతులు మార్చి మార్చి చూశాడు, రాలేదు. చివరికి హార్బర్‌లో ఓ ముసలి సరంగు (బోటు నడిపేవాడు) మాటల్లో మాటగా, "మన వాన నీళ్లకి చేప కదలదు బాబూ, పైనుంచి తియ్య నీళ్లు దిగినప్పుడు కదుల్తాది" అన్నాడు. పైనుంచి అంటే ఒడిశా వైపు నుంచి. ప్రవాహాల మీద ఎన్ని పేపర్లు ఉన్నాయో, వాటి సారం ఆ ఒక్క ముక్కలో ఉంది. కుర్రాడు వర్షపాతం తీసేసి ఉప్పదనం పెట్టాడు. నెల రోజుల్లో బొమ్మ తేలింది. తప్పు నాది కూడా, గైడు పక్కన కూర్చుని సలహాలిచ్చినవాణ్ని నేనే.

ఇక గుడ్డి చోటు సంగతికి వస్తాను. ఇప్పుడు సముద్రం గురించి డేటాకు కొదవ లేదు. ఆర్గో తేలియాడే యంత్రాలున్నాయి, లంగరేసిన బోయలున్నాయి, 2022 నవంబరులో ఇస్రో పంపిన ఓషన్‌శాట్-3 ఉపగ్రహం ఉంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ నుంచి చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాల సమాచారం క్రమం తప్పకుండా వస్తుంది. సముద్రమే లేని ఊళ్లో సముద్ర సంస్థ ఏమిటని మొదట్లో మేం నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు సునామీ హెచ్చరిక కూడా అక్కడి నుంచే.

కానీ ఆర్గో యంత్రం 2,000 మీటర్ల దాకా మునిగి తేలేది, తీరం దగ్గర దానికి పనిలేదు. ఉపగ్రహం పచ్చదనాన్ని నీటి రంగును బట్టి లెక్కిస్తుంది. గోదావరి, కృష్ణ మొగల దగ్గర నీరు బురదగా ఉంటుంది, మడ అడవుల నుంచి, నదుల నుంచి కరిగి వచ్చే పదార్థాలు కూడా రంగు మారుస్తాయి. ఆ బురదను కూడా పచ్చదనమని అది పొరబడుతుంది. పైగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు, చాలా రోజులు అసలేమీ కనపడదు. మరపడవలు చట్ట ప్రకారం తీరానికి 8 కిలోమీటర్ల లోపు వేటాడకూడదు, కాబట్టి బోట్ల డేటా కూడా ఆ చోటు గురించి సరిగా ఏమీ చెప్పదు. (లోపలికి రారా అంటే వస్తారు. ఆ గొడవ వేరు.) మరి ఆ ఎనిమిది పది కిలోమీటర్లలో బతికేది ఎవరు? తెప్పలు, ఫైబర్ పడవలు, ఒడ్డు నుంచి లాగే అలివి వలలు. 2010 మత్స్యకారుల గణన ప్రకారం ఆంధ్ర తీరంలో 555 మత్స్యకార గ్రామాలు, 353 చోట్ల చేపలు దించుతారు. అన్ని చోట్లకీ రోజూ మనిషిని పంపడం ఏ సంస్థకూ సాధ్యం కాదు. అందుకే సీఎంఎఫ్ఆర్ఐ కొన్ని చోట్లు, కొన్ని రోజులు ఎంచుకుని శాంపిల్ తీసి లెక్క కడుతుంది. రాష్ట్రం మొత్తానికి ఆ లెక్క బాగానే పనిచేస్తుంది. ఒక్క ఊరి తెప్పల గురించి చెప్పమంటే చెప్పలేదు.

మీ పని అక్కడ పెట్టుకోమంటున్నాను. అక్కడ మీరు రెండేళ్లు తీసే నోట్సు ఎవరి దగ్గరా ఉండదు. థర్మామీటరు, ఉప్పదనం చూసే చేతి రిఫ్రాక్టోమీటరు, కొలబద్ద, తూకం చాలు. రిఫ్రాక్టోమీటరు ఒక యూనిట్ అటూ ఇటూ చెబుతుంది, లోతు సముద్రానికైతే నవ్వుతారు. పది యూనిట్లు మారే మన తీరానికి సరిపోతుంది.

మొత్తం నిల్వల గురించి, అంటే సముద్రంలో ఒక్కో రకం చేప ఎంత ఉందన్న దాని గురించి కూడా ఒక మాట. 2022 అంచనాలో దేశంలో 135 చేపల నిల్వలను పరీక్షిస్తే, 91.1 శాతం ఆరోగ్యంగా ఉన్నాయని సీఎంఎఫ్ఆర్ఐ చెప్పింది. ఈ సంఖ్య చూసి "మరి సమస్య ఏముంది" అని ఇంటర్వ్యూ బోర్డులో మిమ్మల్ని అడుగుతారు, సిద్ధంగా ఉండండి. నా అభిప్రాయం: ఆ అంచనా పద్ధతి గట్టిదే, పొడవుల మీద ఒక్కటే ఆధారపడ్డ మా పాత లెక్కల కంటే చాలా మెరుగు. కానీ నిల్వ బాగుండటం వేరు, ఫలానా రేవులో పడవకు పట్టు బాగుండటం వేరు. చేప ఉంది కానీ ముప్పై కిలోమీటర్లు లోపలికి జరిగింది అనుకోండి. నిల్వ లెక్కలో తేడా రాదు. తెప్ప మీద వెళ్లేవాడికి మాత్రం చేప లేనట్టే.

ఇప్పుడు శాంపిల్ తీయడంలో మీరు పడబోయే గోతులు. ఇవన్నీ నేనో, నా దగ్గర పనిచేసినవాళ్లో పడ్డవే.

మొదటిది, పేరు. రేవులో "కవళ్ళు" అంటే ఒక చేప కాదు. ఆ పేరు కింద నాలుగైదు జాతులు కలిసి ఉంటాయి. నూనె కవళ్ళకు తల పొడుగు, మొప్పల దువ్వెన బాగా దట్టం, పొట్ట కింది రెక్కలో తొమ్మిది ముళ్లుంటాయి. మిగతా కవళ్ళలో చాలావాటికి ఎనిమిదే. ఓసారి ఎనిమిది నెలల డేటా పూర్తయ్యాక ఫార్మలిన్ సీసాలు తెరిచి ఈ ముళ్లు లెక్కపెడితే, సగం సీసాల్లో వేరే జాతి ఉంది. గుడ్లు పెట్టే కాలం రెండుసార్లు వస్తోందని గొప్పగా రాసుకున్నాం, నిజానికి అవి రెండు జాతుల కాలాలు. కనీసం కొన్ని చేపలకు డీఎన్ఏ బార్‌కోడింగ్ (డీఎన్ఏ ముక్కతో జాతి తేల్చడం) చేయించండి. ఇక్కడ కొత్త టెక్నాలజీకి డబ్బు పెట్టండి, వృథా కాదు.

రెండోది, చోటు. హార్బర్‌లో దిగిన చేప హార్బర్ ఎదుట సముద్రంలోది అనుకోవద్దు. విశాఖ బోట్లు రోజుల తరబడి వేటకు పోతాయి, ఒడిశా నీళ్లలో పట్టింది ఇక్కడ దిగుతుంది. పట్టిన చోటు, లోతు, ఏ వల అనే మూడూ రాయని చేప మీ పుస్తకంలోకి ఎక్కకూడదు. సరంగులు వేట చోటు నిజం చెప్పరు, అది వాళ్ల వ్యాపార రహస్యం. నాలుగు నెలలు రోజూ కనపడితే చెబుతారు. పన్నులోళ్లు కాదని నమ్మకం కుదరాలి.

మూడోది, టైము. తెల్లవారుజామున నాలుగింటికి వేలం మొదలవుతుంది. ఏడింటికి వెళితే పెద్ద చేపలు ఐస్ పెట్టెల్లోకి పోయి, ఏరేసినవి మిగులుతాయి. వాటిని కొలిచి "చేపల సైజు తగ్గిపోతోంది" అని రాసిన పేపర్లు నేను చదివాను.

నాలుగోది అందరికీ తగిలేది: వేట నిషేధం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. 2015 నుంచి ఇంత పొడుగైంది, అంతకుముందు నెలన్నరే. బోట్లు కట్టేస్తారు, శాంపిల్ ఉండదు, మీ గ్రాఫులో రెండు నెలల చిల్లు. ఓ అమ్మాయి థీసిస్‌లో గుడ్లు పెట్టే కాలం మార్చిలో శిఖరానికి చేరి జూన్‌కి తగ్గిందని ఉంది. మధ్యలో ఏం జరిగిందో ఎవరికి తెలుసు? అసలు శిఖరం మేలో ఉండి ఉంటే? ఇంజన్ లేని పడవలకు, తీరం నుంచి లాగే వలలకు నిషేధం వర్తించదు. ఆ రెండు నెలలూ వాటి దగ్గర శాంపిల్ కొనుక్కోండి. వల వేరు కాబట్టి చేపల సైజు తేడాగా ఉంటుంది, అందుకని మిగతా నెలల్లో కూడా రెండు రకాల వలల నుంచీ తీసుకుంటూ ఉండాలి, లేకపోతే పోల్చలేరు. ఇది మొదటి నెలలోనే ప్లాన్ చేసుకోవాల్సిన విషయం.

అసలు ఈ నిషేధం తేదీలు ఏ చేపకు సరిపోతున్నాయి, దేనికి సరిపోవడం లేదు అన్నది కూడా తెరిచి ఉన్న ప్రశ్నే. వందల జాతులున్న సముద్రంలో ఒకే తేదీ అన్నింటికీ కుదరదు. నీరు వేడెక్కి గుడ్లు పెట్టే నెలలు జరుగుతుంటే ఇంకా కష్టం. చెన్నై తీరంలో ఒక రకం చేప గుడ్లు పెట్టడం చల్లని నెలలకు జరిగిందని ఇప్పటికే రాశారు. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవులకు విడివిడిగా ఇలాంటి డేటా ఉంటే విధానం చేసేవాళ్లకు నేరుగా పనికొస్తుంది. ఎంత సైజు లోపు పట్టకూడదన్న కనీస సైజు నిబంధన కూడా అంతే. కేరళ 2015లో మొదలుపెట్టింది. మనం పెట్టుకోవాలంటే మన నీళ్లలో ఆ చేప ఎంత పొడవుకు పక్వానికి వస్తుందో తెలియాలి, కేరళ సంఖ్య అరువు తెచ్చుకుంటే చెల్లదు.

మీ సీనియర్ల సలహాల గురించి ఇక త్వరగా.

మైక్రోప్లాస్టిక్స్: 5 మిల్లీమీటర్ల లోపు ముక్కలు చేప పొట్టలో ఉన్నాయా అంటే ఉన్నాయి. ప్రతి తీరంలోనూ ఉన్నాయి. "ఇక్కడా ఉన్నాయి" అని చెప్పే పేపర్‌కు కాలం చెల్లింది. ల్యాబ్ గాలిలోంచి, మీ చొక్కా నూలులోంచి పడ్డ పోగుల్ని చేపకు అంటగట్టిన పనులూ బోలెడు. పోల్చడానికి చేప లేని ఖాళీ శాంపిళ్లు పెట్టని, ముక్క ప్లాస్టిక్కో కాదో ఎఫ్‌టీఐఆర్ లేదా రామన్ పరికరంతో తేల్చని డేటాను మంచి పత్రికలు ముట్టుకోవు. ఆ పరికరం మీ యూనివర్సిటీలో నిజంగా నడుస్తోందా అని ముందు చూసుకోండి. నడుస్తోందని వెబ్‌సైట్లో ఉండటం వేరు.

ఈడీఎన్ఏ: లీటరు నీటి నుంచి అక్కడ ఏయే జీవులున్నాయో చెప్పే పద్ధతి, నాకు ఇష్టమైనది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు చిలికా సరస్సు నీటితో మంచి పని చేశారు. చిక్కేమిటంటే, నీటిలో దొరికిన డీఎన్ఏను పోల్చడానికి మన చేపల జాబితా పూర్తిగా ఉండాలి, అది ఇంకా లేదు. ప్రవాహం ఉన్న చోట ఆ డీఎన్ఏ ఎక్కడి నుంచి కొట్టుకొచ్చిందో చెప్పడం కష్టం. పులికాట్ లాంటి ఉప్పుటేరు సరస్సుకైతే బాగా నప్పుతుంది. ఎన్ని చేపలున్నాయో మాత్రం చెప్పదు.

ఏఐ: చేపల ఫొటో తీస్తే జాతి చెప్పే ప్రోగ్రాములు వస్తున్నాయి, మంచిదే. మూడేళ్ల డేటాతో పదేళ్ల పట్టును ఊహించే ప్రోగ్రాముల జోలికి పోవద్దు.

సొరలు, టేకు చేపల మీద ఆసక్తి ఉంటే ఒక జాగ్రత్త. వన్యప్రాణి రక్షణ చట్టం సవరణ 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాక, రక్షిత జాబితాలోకి చాలా జాతులు చేరాయి. రేవులో చచ్చి పడి ఉన్నా సరే, అనుమతి లేకుండా ముక్క కోసి ల్యాబ్‌కు తెచ్చుకోకూడదు. అనుమతికి పట్టే నెలల్ని మీ ఫెలోషిప్ లెక్కలో వేసుకోండి.

పులస గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు అడుగుతారు. సముద్రంలో ఉన్నప్పుడు అది ఇలస, వరద నీటికి గోదావరి ఎదురెక్కితే పులస, చేప ఒకటే. ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి అడ్డమన్నది అందరికీ తెలుసు. కానీ ఆనకట్ట ఎప్పుడో పందొమ్మిదో శతాబ్దంలోనే కట్టారు. ఈ మధ్య ఇంకా తగ్గిందంటే కారణం ఒక్కటే అయి ఉండదు. గుడ్డుతో ఉన్న చేప, అందులోనూ ఆ ధర పలికే చేప, పరిశోధనకు కొనాలంటే మీ గ్రాంట్ మొత్తం రెండు చేపలకే అయిపోతుంది. సరదాగా అనడం లేదు. ఇలాంటి చేపకు డబ్బున్న ప్రాజెక్టు వెనక ఉంటేనే దిగండి.

తీరం కోత, మడ అడవులు, పులికాట్ ముఖద్వారం ఇసుకతో పూడిపోవడం, ఇవి కూడా ఇప్పుడు బాగా నడుస్తున్న అంశాలు. 1990 నుంచి 2018 దాకా ఉపగ్రహ చిత్రాలు చూసి దేశ తీరంలో 33.6 శాతం కోతకు గురైందని తేల్చారు. కాకినాడ దగ్గరి ఉప్పాడ వెళ్లి చూస్తే ఆ శాతం అంటే ఏమిటో తెలుస్తుంది. వల ఆరేసుకునే ఇసుకే లేకపోతే అలివి వల లాగేవాళ్లు ఏం చేస్తారన్నది చేపల శాస్త్రం ప్రశ్నేనని నా పట్టుదల. దీని మీద పని చేయాలంటే మ్యాపింగ్ వచ్చినవాళ్లు, సామాజిక శాస్త్రం వాళ్లు మీతో ఉండాలి.

మనుషుల వైపు ఇంకో ముక్క. విశాఖ దగ్గర 2022 జనవరిలో చేపల గుంపును చుట్టేసే రింగు వలల మీద మత్స్యకార గ్రామాల మధ్య పెద్ద గొడవ జరిగింది, పడవలు తగలబడ్డాయి. రెండు పక్షాలూ వాదించింది శాస్త్రం గురించే: ఈ వల ఎంత చిన్న చేపను పడుతుంది, ఎంత దూరంలో వేయాలి అని. అలాంటప్పుడు వల కన్ను సైజు వారీగా ఏ రేవులో ఎంత పిల్ల చేప పడుతోందన్న డేటా చేతిలో ఉంటే మాట్లాడటానికి ఏదైనా ఉండేది. అలాంటి డేటా తీస్తే మీరు ఎవరో ఒకరి పక్షం అనిపించుకుంటారు, దానికీ సిద్ధపడాలి.

చేపలు అమ్మే, ఎండబెట్టే ఆడవాళ్లను మర్చిపోకండి. నాకు బాగా పనికొచ్చిన సమాచారం వాళ్ల దగ్గరే దొరికింది. చేప కడుపు చీల్చి శుభ్రం చేసేది వాళ్లు కాబట్టి జన (కడుపులోని గుడ్లు) ఏ వారం మొదలైందో వాళ్లకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. ఓ ఏడాది మా శాంపిళ్లలో జన కనపడటానికి మూడు వారాల ముందే ఒకావిడ చెప్పింది, మేం నమ్మలేదు. మేం కొంటున్నది పెద్ద వేలంపాటలో, ఆవిడ కొనేది తెప్పల దగ్గర.

చదువుకోవాల్సినవి: ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష తప్పనిసరి. అందులో చేపల పొడవుల నుంచి లెక్కలు కట్టే ట్రాప్‌ఫిష్‌ఆర్, ఎల్‌బీఎస్‌పీఆర్ ప్యాకేజీలతో మొదలుపెట్టండి, ఫైశాట్ కాలం పోయింది. నీటి వేడి, పచ్చదనం డేటా యూరప్ వాళ్ల కోపర్నికస్ నుంచి, నాసా నుంచి ఉచితంగా దొరుకుతుంది, ఇన్‌కాయిస్ దగ్గరా అడగొచ్చు. సముద్రపు వడగాలుల గురించి చదవండి. ఆ తేదీకి ఉండాల్సిన వేడితో పోలిస్తే పదింట తొమ్మిది వంతుల రోజులకంటే ఎక్కువ వేడి వరసగా కనీసం ఐదు రోజులు ఉంటే దాన్ని అలా అంటారు. మీ చేప పక్వతకు నెలవారీ సగటు వేడి కంటే ఇదే ఎక్కువ సంబంధం చూపించే అవకాశం ఉంది. గైడును ఎంచుకునేటప్పుడు ఆయన పేపర్ల సంఖ్య కంటే ఆయన విద్యార్థులు రేవుకు వెళ్తారా లేదా అడగండి. కో-గైడుగా భౌతిక సముద్ర శాస్త్రం వ్యక్తి ఉంటే మీ అదృష్టం. విశాఖలో ఆ అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం, సీఎంఎఫ్ఆర్ఐ, ఎన్ఐఓ, చేపల సాంకేతిక సంస్థ సీఐఎఫ్‌టీ, ఫిషరీ సర్వే, అందరి కేంద్రాలూ ఒకే ఊళ్లో ఉన్నాయి.

రిజిస్ట్రేషన్‌కు ముందే ఒక పని చేయండి. వరసగా పది రోజులు తెల్లవారుజామున రేవుకు వెళ్లండి, ఏమీ కొలవకుండా. ఏ పడవ ఎప్పుడు వస్తోంది, ఎవరు కొంటున్నారు, ఏ చేపను ఏ పేరుతో పిలుస్తున్నారు అని ఊరికే రాసుకోండి. పదో రోజుకి మీకే రెండు మూడు ప్రశ్నలు తగులుతాయి. మీరు శ్రీకాకుళం వైపా, కాకినాడ వైపా, నెల్లూరు వైపా అన్నది ప్రశ్నలో లేదు. అది చెబితే ఏ రేవు, ఏ చేప అన్నది ఇంకాస్త విడమరిచి రాస్తాను. నెల్లూరు వైపైతే కవళ్ళు వద్దంటాను, పులికాట్ దగ్గర వేరే కథ ఉంది.